మగ్గం గుంత

అనంతపురం బైపాస్ దాటాక మేం ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ లేఅవుట్‌లో హద్దురాళ్లు తప్ప మనుషుల్లేరు. వేరుశనగ పండని చేలను ప్లాట్లు చేసి అమ్మారు. ధర్మవరం నుంచి నాతో వచ్చిన మా నాయనకు ఒకటే కోరిక, తన గుంత మగ్గానికి ఒక గది. అంతకుముందు అద్దెకు అడిగిన ప్రతి ఇంటివాళ్లూ "బండలు పగలగొట్టి గుంత తవ్వుతారా? ఇల్లు ఇయ్యం పోండప్పా" అన్నవాళ్లే. అందుకే సొంతింట్లో ముందు గదికి బండలు పరవలేదు. నాయనే గడ్డపార పట్టి గుంత తవ్వుకున్నాడు. అందులో కాళ్లు పెట్టి మగ్గం ముందు కూర్చున్న రోజు చిన్నపిల్లాడిలా నవ్వాడు.

తర్వాత కాలనీ పెరిగింది. కంబదూరు నుంచి పిల్లల చదువుల కోసం ఒకరొచ్చారు. ముదిగుబ్బలో గొర్రెలమ్ముకుని ఇంకొకరొచ్చారు. వానల్లేవు, పంటల్లేవు, ఇళ్లు మాత్రం మొలుస్తూనే ఉన్నాయి. ఏ ఇంట్లో పాలు పొంగించినా నాకే సంబరం. చేతిరాత బాగుంటుందని నన్ను కాలనీ సంఘానికి కార్యదర్శిని చేశారు. పొగిడితే పడిపోవడం నాకు చిన్నప్పటి జబ్బు.

వెనక వీధిలో ఒకాయన తాడిపత్రి బండలు తెచ్చి ఇంటి ముందే మిషన్‌తో కోసేవాడు. ఆ రొదకు, దుమ్ముకు అందరి ప్రాణం విసిగిపోయింది. "సంఘం తరఫున ఒక కాగితం గట్టిగా రాయన్నా" అన్నారు. గట్టిగానే రాశాను. ఇళ్లలో చప్పుడు చేసే పనులేవీ చేయరాదు అని. ఆయన పేరెత్తడానికి మొహమాటపడి అందరికీ వర్తించేలా రాశాను. కింద సంతకం పెట్టాను. ఇంటింటికీ ఒక కాపీ వేయించాను, మా ఇంటికి కూడా.

బండలాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కోత కోస్తూనే ఉన్నాడు.

వారం తర్వాత ఆఫీసు నుంచి వచ్చేసరికి ముందు గదిలో మగ్గం లేదు. కర్రలు విప్పి మూలకు చేర్చి ఉన్నాయి. గుంత నిండా మట్టి. నాయన దగ్గరుండి మేస్త్రీతో బండలు పరిపిస్తున్నాడు. ఎవరేమన్నారో కనుక్కుందామని ఎదురింటికి పరుగెత్తాను.

"మేమేమీ అనలేదన్నా. ఆ మగ్గం టకటక ఇనపడకపోతే మాకే ఏదో మాదిరి ఉండాది" అంది ఆ ఇల్లాలు.

తిరిగొచ్చి నాయన మీద అరిచాను. "ఎవురూ ఏమనలేదు గదా, మగ్గం ఎందుకు తీసేసినావు? ఆ కాగితం రాసింది నీకు కాదు నాయనా, ఆ బండలాయనకి!"

నాయన మేస్త్రీకి నీళ్ల చెంబు అందించి నిదానంగా అన్నాడు. "ఆయప్పకూ ఇచ్చినారు, నాకూ ఇచ్చినారు. చప్పుడు చేయొద్దని ఉండాది. కింద సంతకం నీది."

మళ్లీ తవ్విస్తానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే నా పని.

"సగం నేసిన పడుగు కోసేసినా లేప్పా. ఇంగ నాతో కాదు" అన్నాడు.

డెబ్బై దాటిన మనిషి. కాదని నాకూ తెలుసు. ఆ రోజు నుంచి ఆయన కళ్లలోకి చూసి మాట్లాడలేకపోతున్నాను. నేను రాసిన కాగితాన్ని కాలనీ మొత్తంలో పాటించింది మా నాయన ఒక్కడే.