ఉమకు పెట్టిన పచ్చ గుర్తు

అంకాలమ్మ గురించి రాయడానికి నాకు అర్హత లేదు. కొనకనమిట్ల దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఇరవై మూడేళ్ళుగా అంగన్‌వాడీ నడుపుతున్న మనిషి ఆమె. ఆమె పైన సూపర్‌వైజర్ని నేను. రోజూ పొద్దున పదిన్నర అయ్యేసరికి "ఫోటోలు రాలేదు, వీడియో రాలేదు" అని అందరూ చూసే గ్రూపులో ఆమె పేరు పెట్టి పరువు తీసినదాన్ని నేనే. ఇందులో కోపం కనిపిస్తే సగం పైవాళ్ళ మీద, సగం నా మీద అనుకోండి.

అంకాలమ్మ గొర్రెలు కాసే ఇంట్లో పుట్టింది. పదో తరగతి పాసైంది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కందిచేను అవతలి గట్టు మీదున్న మనిషిని ఇవతలి నుంచే పిలవగలదు. ఒకసారి గుడ్లు మరీ చిన్నవి వచ్చాయి. "ఇవి కోడి పెట్టినవా, పిచ్చుక పెట్టినవా?" అని ఆటో అతన్ని నిలదీసి, సరుకుతో సహా వెనక్కి పంపింది. ఆ ఊళ్ళో ఆమె నోటికి అందరూ భయపడతారు, పిల్లలు తప్ప.

ఆమె ఆడించే ఆటల్లో నాకు నచ్చింది గోడాట. పిల్లలందరినీ గోడవైపు తిప్పి నిలబెడుతుంది. తను వెనక నిలబడి గొర్రెలా అరుస్తుంది, మేకపిల్లలా ఏడుస్తుంది, చెంబును నేల మీద గరగరా లాగుతుంది, చేటలో కందులు చెరుగుతుంది. అదేమిటో వెనక్కి తిరగకుండా చెప్పాలి. చెప్పినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేయాలి. ముందుగా ఆమెను తాకిన పిల్లే గెలిచినట్టు. చూసేవాళ్ళకది ఆట, ఆమెకు పరీక్ష. ఎవరి కాలు కదలడం లేదో చూసుకునేది. చెవి సరిగ్గా పనిచేయని పిల్లలను అలా ఇద్దరిని పట్టుకుంది. వాళ్ళలో ఒకడు ఇప్పుడు మార్కాపురంలో డిగ్రీ చదువుతున్నాడు.

తర్వాత ఫోన్లు వచ్చాయి. పిల్ల ముఖం ఫోటో తీసి, అది యాప్‌లో సరిపోయాకే గుడ్డు పెట్టాలన్నారు. రోజుకొక ఆటపాటల వీడియో పంపాలన్నారు. వీడియోలో ప్రతి ముఖం కనపడాలి, లేకపోతే యాప్ తీసుకోదు. ఊళ్ళో సిగ్నలేమో నీళ్ళ ట్యాంకు మెట్లెక్కితే తప్ప దొరకదు. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో, పద్దెనిమిది మంది పిల్లల్ని ఆయాకు వదిలి రోజుకు మూడుసార్లు ట్యాంకు ఎక్కి దిగింది. ఆ యాప్ తయారుచేసిన వాళ్ళల్లో ఒక్కరైనా ఆ మెట్లు ఎక్కి ఉంటే నేను ఇంత కడుపుమంటతో రాయను.

గోడాట వీడియో కూడా ఆమె పంపింది. యాప్ తిప్పికొట్టింది. అందులో అన్నీ వీపులే మరి. "అక్కా, ఆ వీపుల ఆట ఆపేయండి. చప్పట్ల పాట పెట్టండి, ముఖాలు బాగా పడతాయి" అని చెప్పింది నేను. ఆమె ఆపేసింది.

ఆ ఏడాదే ఉమ చేరింది. మూడేళ్ళ పిల్ల. తండ్రి గోపికి నూట ఇరవై గొర్రెలు. మేత లేని నెలల్లో ఆయనా, భార్యా మందను తోలుకుని నల్లమల వైపు వెళతారు. ఉమ అవ్వ దగ్గరే ఉంటుంది. కళ్ళు చురుకు, ఏది చూపించినా వెంటనే చేస్తుంది. మాటలు మాత్రం లేవు. "వాళ్ళ నాయనకు గూడా ఐదేండ్లకే మాటొచ్చింది లేమ్మా" అనేది అవ్వ.

చేరిన రెండో నెలలో అంకాలమ్మ నాకు ఫోన్ చేసింది.

"మేడమ్, ఉమ గురించి యాప్‌లో 'మాట్లాడుతుందా' అని అడుగుతా ఉంది. మాటలు రావట్ల్యా. కాదు అని కొట్టాల్నా?"

కాదు అని కొడితే ఇంకో ఫారం తెరుచుకుంటుంది. ఆసుపత్రి కాగితం అడుగుతుంది. పైవాళ్ళ లెక్కలో సెంటరు లోపమున్నట్టు ఎర్రగా కనిపిస్తుంది. నెలాఖరు. నా కింద అప్పటికే నాలుగు సెంటర్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇప్పటికి అవును కొట్టండక్కా. సిగ్గుపడుతుందేమో, తర్వాత చూద్దాం" అన్నాను.

ఉమ పేరు పక్కన పచ్చ గుర్తు పడింది. దాన్ని నేను ఆమోదించాను. ఆ తర్వాత చూసిన పాపాన పోలేదు.

ఏడాదిన్నర గడిచింది. మొన్న శ్రావణంలో ఒక సోమవారం సర్వర్ పడిపోయింది. ఫోటోలూ వీడియోలూ ఏవీ పంపొద్దని మెసేజి వచ్చింది. అంకాలమ్మ ఫోన్ బీరువాలో పడేసి, "గోడవైపు తిరగండ్రా!" అని కేకేసింది.

ఆమె గొర్రెలా అరిచింది. పిల్లలు "గొర్రె!" అని అడుగు వేశారు. ఉమ కూడా వేసింది, ఒక క్షణం ఆలస్యంగా. మేకపిల్లలా ఏడ్చింది. మళ్ళీ అంతే. అప్పుడు అంకాలమ్మ కనిపెట్టింది. ఉమ పక్కవాళ్ళ కాళ్ళు చూసి అడుగు వేస్తోంది.

మిగతా పిల్లలందరినీ చేతులు కడుక్కోమని బయటికి పంపింది. ఉమ ఒక్కతే గోడ దగ్గర మిగిలింది. సున్నం పెచ్చు ఊడినచోట వేలు పెట్టి గీసుకుంటోంది. అంకాలమ్మ స్టీలు పళ్ళెం తెచ్చి, ఆ పిల్ల వెనక బండల మీద వదిలేసింది. బయట పిల్లలు ఉలిక్కిపడి లోపలికి తొంగిచూశారు. ఉమ వేలు గోడ మీద అలాగే తిరుగుతోంది.

ట్యాంకు ఎక్కి నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు, తిట్టింది. ముందు తనను తిట్టుకుంది, తర్వాత ఫోన్‌ను, తర్వాత నన్ను. పెద్దగొంతు కదా, ఆఫీసులో పక్క కుర్చీ దాకా వినపడింది. నాకు ఆ తిట్లు చాలలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరం ఉమ ఇంటికి వెళ్ళాం. పిల్ల అరుగు మీద కూర్చుని ఫోన్‌లో బొమ్మల పాటలు చూస్తోంది. శబ్దం పూర్తిగా తగ్గించి ఉంది.

"ఫోనిస్తే చాలు, కిమ్మనదు. సౌండు గూడా పెట్టమనదు, బంగారు తల్లి" అంది అవ్వ మురిపెంగా.

అంకాలమ్మ ఆ ఫోన్ అందుకుని శబ్దం చివరికంటా పెంచి పిల్ల చెవి పక్కనే పట్టుకుంది. ఉమ చేతులు చాచి ఫోన్ ఇమ్మంటోంది, అంతే. అవ్వ ముఖంలో నవ్వు మెల్లగా పోయింది.

కబురంది గోపి మందను తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు. మార్కాపురంలో డాక్టరు చూసి గుంటూరు పంపాడు. అక్కడ పరీక్షలు చేసి రెండు చెవులూ దాదాపు వినపడవన్నారు. చెవికి యంత్రం పెట్టవచ్చు, మాట నేర్పించవచ్చు, కాకపోతే చాలా కష్టపడాలి, ఏడాదిన్నర ముందు తేవలసింది అన్నారు. ఆ ఏడాదిన్నర ఎక్కడ పోయిందో గోపికి తెలియదు, నాకు తెలుసు.

ఇక మీటింగు సంగతి. వీడియోలు బాగా పంపిన టీచర్లకు సన్మానమని మార్కాపురం పిలిచారు. అంకాలమ్మ సెంటరుదే మొదటి బహుమతి. ఆ చప్పట్ల పాటే. పై నుంచి వచ్చిన కో ఆర్డినేటర్ గిరిధర్ దాన్ని తెర మీద వేశాడు. హాలంతా చప్పట్లు కొట్టారు. అంకాలమ్మ శాలువా కప్పించుకోకుండా నిలబడింది.

"సార్, ఇంకోసారి వేయండి. ఎడమపక్క చివర్న ఉండే పాపను మాత్రమే చూడండి."

వేశాడు. చూశాం. మిగతా పిల్లలంతా ఒక్కసారి చప్పట్లు కొడుతున్నారు. చివరి పిల్ల పక్కపిల్ల చేతుల మీదే చూపు పెట్టి, ప్రతిసారీ కాస్త వెనకబడి కొడుతోంది. పెదవులు కదులుతున్నాయి.

"ఆ బిడ్డకు చెవులు వినపడవు సార్. ఈ వీడియో ఎనిమిది వందల మంది చూసినారంట. ఒక్కరన్నా ఏంది ఈ పిల్ల ఇట్ల చేస్తా ఉందని అడగలా. నేనే పట్టుకునేదాన్ని, నా ఆట నన్ను ఆడుకోనిచ్చి ఉంటే."

గిరిధర్ ల్యాప్‌టాప్‌లో ఏదో వెతికాడు.

"బాధాకరమేనమ్మా. కానీ ఈ పాప మాట్లాడుతుందని మీ లాగిన్‌లో ఉంది. ఎవరు పెట్టారు?"

అంకాలమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. నేను లేవాలి. లేవలేదు. నా ఉద్యోగం, నా ప్రమోషన్, అన్నీ ఆ ఒక్క క్షణంలో గుర్తుకొచ్చాయి.

"నేనే పెట్టినాను సార్" అంది ఆమె.

వారం తిరక్కుండా ఆమెకు మెమో వచ్చింది, తప్పుడు సమాచారం ఇచ్చినందుకు. దాన్ని చేతికి ఇవ్వాల్సింది నేనే. ఆమె నా ముందే కూర్చుని జవాబు రాసింది. "పాపకు మాటలు రాకపోయినా వస్తున్నాయని నేను పెట్టినాను. తప్పు నాదే. పాపకు వైద్యం ఆపవద్దు." సంతకం చేసి ఇచ్చింది. నా పేరు ఎక్కడా లేదు.

"అక్కా, నా పేరు రాయలేదేం?" అన్నాను.

"నీకు నోరుండ్లా?" అంది. ఎప్పుడూ మేడమ్ అని పిలిచే మనిషి.

ఆ జవాబు కింద నేను రాశాను. అవును కొట్టమన్నది నేను, ఆమోదించింది నేను, గోడాట ఆపించింది నేను. పైకి పంపాను. నన్ను ఏం చేస్తారో ఇంకా తెలియదు. పచ్చ గుర్తును మార్చమని కూడా అడిగాను. నెల దాటిన వివరాలు మార్చడానికి యాప్‌లో వీలు లేదని జవాబు వచ్చింది.

ఉమకు ఇప్పుడు నాలుగేళ్ళ పదకొండు నెలలు. వాళ్ళమ్మను ఇంతవరకు అమ్మా అని పిలవలేదు.