కువైట్ అనుకున్న నంబరు

ఆర్మూర్‌లో ఫోన్ జాహెద ఎక్కడ అని అడిగితే ఎవరైనా మా పక్క దుకాణమే చూపిస్తారు. నేను దర్జీని, పేరు భోజన్న. ఇద్దరి దుకాణాలకూ మధ్య ఒక్క రేకు గోడ. ఆ రేకు అవతలి ఏడుపులు వింటూ ఇరవై ఏళ్లుగా జాకెట్లకు గుండీలు కుడుతున్నాను. వినకూడదనే అనుకుంటాను, కానీ వినపడతాయి.

ఒకప్పుడు ఆమెది విదేశాలకు ఫోన్లు కలిపే ఐఎస్‌డీ బూత్. అప్పట్లో లైను రోడ్డు దాకా ఉండేది. ఇప్పుడు అందరూ పెద్ద ఫోన్లలో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. జాహెదక్క ఫోన్ కవర్లు అమ్ముకుంటోంది. ఆ ఫోన్లు లేనివాళ్లూ, ఉన్నా వాడటం రానివాళ్లూ ఇంకా ఆమె దగ్గరికే వస్తారు. వాళ్ల కోసం రెండు ఫోన్లు పెట్టుకుంది. బయటి నుంచి వచ్చేవాటికి ఒక పాత బటన్ల ఫోన్, బయటికి చేయడానికి ఇంకొకటి. వయసు యాభై దాటింది. మోకాళ్లు పట్టేశాయి, చూపు మసకబారింది.

"ఊరోళ్ల ఫికరంత నా నెత్తిమీదనేనా భోజన్నా? అల్సిపోయిన" అనేది. అంటూనే నంబరు కొట్టేది.

దేశాల కోడ్లు ఆమెకు నోటికి వచ్చు. దుబాయ్ తొమ్మిది డెబ్బై ఒకటి, సౌదీ తొమ్మిది అరవై ఆరు, కువైట్ తొమ్మిది అరవై ఐదు, మస్కట్ తొమ్మిది అరవై ఎనిమిది. చీటీ మీద సౌదీ నంబరు సున్నాతో మొదలైతే ఆ సున్నా తీసేసి కొడుతుంది. డిగ్రీలు చదివినవాళ్లు కూడా ఆ సంగతి తెలియక నంబరు కలవడం లేదని తంటాలు పడుతుంటారు. అలవాటు ఎంత ముదిరిందంటే, వచ్చిన నంబరు చీటీ మీద రాసేటప్పుడు ఆమె కోడ్ రాయనే రాయదు. "ఎవరి మనిషి ఏడున్నడో నాకు తెల్వదా?" అంటుంది. నిజంగానే తెలుసు. అదే మా కొంప ముంచింది.

ఆలూర్ నుంచి గంగవ్వ వచ్చేది. పసుపు కొమ్ములు ఏరే కూలీ. చెల్లెలు శ్యామల తప్ప ఆమెకు నా అన్నవాళ్లు లేరు. ఆ చెల్లెలు ఏడు నెలల కింద ఇంటిపనికి వెళ్లింది. ఏజెంటు కువైట్ అన్నాడు, శ్యామలా మేమూ కువైట్ అనే అనుకున్నాం. రెండు నెలలకే అక్కడి ఇంటివాళ్లు ఆమె ఫోన్ లాక్కున్నారు. శ్యామలకు కంఠస్థంగా వచ్చిన నంబరు ఒక్కటే, జాహెదక్క దుకాణానిది. అప్పటి నుంచి ఎవరిదో ఫోన్ అడిగి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఒక మిస్డ్ కాల్ ఇచ్చేది. ఒకసారి మోగితే బాగున్నట్టు. వెంటవెంటనే రెండుసార్లు మోగితే తిరిగి చేయమన్నట్టు. నంబరు ఎవరూ చూసేవాళ్లం కాదు, మోగడమే కావాలి.

"మోగిందా అక్కా?"

"మోగింది, పో."

అంతే మాట. గంగవ్వ ఆ ఒక్క మాటతో వారమంతా బతికేది.

ఒక శుక్రవారం తొలిసారిగా రెండుసార్లు మోగింది. జాహెదక్కకు ఆ రోజు జ్వరం. ఎప్పటిలాగే చివరి ఎనిమిది అంకెలు చీటీ మీద రాసి పడుకుంది. సాయంత్రం గంగవ్వ రాగానే ముందు తొమ్మిది అరవై ఐదు పెట్టి కొట్టింది. అవతల ఎవరో ఆడగొంతు అరబ్బీలో రికార్డింగ్ మాట చెప్పి పెట్టేసింది. నంబరు లేదని దానర్థం. రోజుకు రెండుసార్లు, పన్నెండు రోజులు అదే గొంతు. మధ్యలో ఇంకో శుక్రవారం వచ్చింది, ఫోన్ మోగలేదు. గంగవ్వ పనికి పోవడం మానేసి మా మెట్ల మీదే కూర్చోసాగింది.

"జర మంచిగ చూసి కొట్టక్కా" అని ఒకరోజు బతిమాలింది.

"ఇరవయ్యేండ్ల సంది కొడుతున్న, నాకు నేర్పుతవా?" అని జాహెదక్క కసిరింది.

నాకు ఒళ్లు మండింది. ఒక మాట అందామనుకుని, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఇప్పటికీ నన్ను కాల్చుకు తింటోంది.

పదమూడో రోజు జాహెదక్క ఆ పాత ఫోన్ నా చేతికిచ్చింది.

"చీటీల అంకె తప్పు రాసిన్నేమో. గా శుక్రవారం నంబరు జర సదువు భోజన్నా, నాకు కనవడ్తలేదు."

చదివాను. "తొమ్మిది, ఆరు, ఎనిమిది..."

"ఎనిమిది కాదు, అయిదు."

"ఎనిమిదే అక్కా."

ఆమె ఫోన్ లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. కువైట్ నంబర్లూ ఎనిమిది అంకెలే, మస్కట్ నంబర్లూ ఎనిమిది అంకెలే. చీటీ చూస్తే తేడా తెలియదు. శ్యామల కువైట్‌లో లేనే లేదు.

జాహెదక్క తొమ్మిది అరవై ఎనిమిది పెట్టి కొట్టింది. రెండో రింగుకే ఎవరో ఎత్తారు. అవతల శ్యామలకు ఫోన్ ఇచ్చిన ఇంకో పనిమనిషి, ఉర్దూలో మాట్లాడింది. మెట్ల మీది నుంచి గంగవ్వ లేచి వచ్చి నిలబడింది. ఆమెకు ఉర్దూ రాదు. జాహెదక్క పెదవులనే చూస్తోంది.

జాహెదక్క ఫోన్ పెట్టి గంగవ్వ వైపు తిరిగింది. చెల్లెలు బాగుందని ఒక్క అబద్ధం చెప్తే అయిపోయేది. అలసిన మనిషి, చెప్పినా నేను తప్పు పట్టేవాణ్ణి కాదు. చెప్పలేదు.

"తప్పు నాదే గంగవ్వా. అది మస్కట్. నేను కువైట్‌కు కొట్టిన. శ్యామలను ఇంకో ఇంటికి పంపుతమన్నరట, గది నీకు చెప్దామనే రెండుసార్లు మోగిచ్చింది. నాలుగొద్దులు చూసి మంగళారం తీస్కపోయిండ్రట. ఏడికో గా ఫోన్ల మాట్లాడినామెకు తెల్వదట. పా, పోలీస్ స్టేషన్‌కు పోదాం. నేనే చెప్త."

గంగవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మల్ల ఎందుకు మోగియ్యలే?" అని అడిగింది.

జాహెదక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గా ఫోనామె మల్ల మోగియ్యమన్నదట. శ్యామలనే వద్దన్నదట. మా అక్క తప్పకుంట చేస్తది, ఊకె సతాయిస్తే మంచిగుండదు అన్నదట."