టార్పాలిన్ల చాటున ఆండ్రాయిడ్

మా వీధిలో ఫోన్ రిపేరుకిచ్చేవాళ్లు ముందు బ్యాటరీ మీద బాల్‌పెన్నుతో సంతకం పెట్టేవాళ్లు. తరువాత బ్యాటరీ తీసి, దాని కింద ఉండే స్టిక్కర్ మీద ఇంకొకటి పెట్టేవాళ్లు. సంతకం రానివాళ్లు ఒక గీత గీసి, "ఇది నా గీత, బాగా చూసుకో" అని నాకు చూపించేవాళ్లు. ఇచ్చిన ఫోన్ ఇచ్చినట్టే తిరిగి వస్తుందని బళ్లారిలో ఎవరికీ నమ్మకం లేదు. నాకూ లేదు. నా ఫోన్ ఇంకొకరి చేతికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు నేను మూడు చోట్ల పెట్టేవాణ్ణి.

అంగడి నాది కాదు, మా నాన్నది. గనుల నుంచి ఖనిజం మోసే లారీల మీద కప్పే టార్పాలిన్లు, తాళ్లు అమ్మేవాడు. గనులు జోరుగా నడుస్తున్న ఏళ్లవి. నాన్న తాడును మూర వేసి కొలిచి ఇచ్చేవాడు. కొన్నవాడు బయట నిలబడి మళ్లీ మూర వేసుకునేవాడు. నాన్న వాడి మూరను అనుమానంగా చూసేవాడు. అలాంటి చోట, గుమ్మం పక్కన ఒక అద్దాల పెట్టె పెట్టుకొని నేను రీచార్జులు, కవర్లు, రిపేర్లు మొదలుపెట్టాను. నాన్న ఒకటే షరతు పెట్టాడు.

"ఈ అంగట్లో నిలబడి మనల్ని దొంగ అన్నోడు ఇంతవరకూ లేడు. నీ వల్ల ఆ మాట ఒక్కసారి వినబడితే, ఆ పొద్దే నీ పెట్టె రోడ్డు మీదుంటాది. దాని మీద నాతో బేరాలాడొద్దు."

నాన్నతో నేను బేరమాడనిది ఆ ఒక్క మాట మీదే.

అందుకని నా జాగ్రత్తలో నేను తెలుగులోనూ కన్నడలోనూ ఒక బోర్డు రాయించాను. సిమ్, మెమరీ కార్డు మీరే తీసుకొని ఫోన్ ఇవ్వండి, తరువాత మాకు సంబంధం లేదు. వీధిలో మిగతా వాళ్లూ అదే మాట రాయించుకున్నారు. ఏ అంగట్లోకి అడుగుపెట్టినా, ఏ చెయ్యి మారినా, ముందు కార్డు తీసి జేబులో వేసుకోవడం ఊరికంతా అలవాటైపోయింది.

గనుల్లో డబ్బు చూసినవాళ్లు అప్పట్లో ఫోన్లు చొక్కాల్లా మార్చేవాళ్లు. తెర మీద పుల్లతో గీసే పెద్ద ఫోన్లు. లోపల విండోస్ ఉండేది, చిన్న కంప్యూటరే అనుకోండి. అవి యజమానుల నుంచి మేనేజర్లకూ, మేనేజర్ల నుంచి లారీల వాళ్లకూ దిగి, చివరికి నా అద్దాల పెట్టె దగ్గరికి వచ్చేవి. వాటికి ఒకటే జబ్బు. తెలుగు రాదు, కన్నడం రాదు. అక్షరం ఉండాల్సిన చోట చతురస్రంగా ఒక ఖాళీ పెట్టె పడేది. వెయ్యి రూపాయల బటన్ల ఫోన్ చక్కగా తెలుగు చూపిస్తుంటే, ఇంత ఖరీదు ఫోన్ పెట్టెలు చూపించేది.

మందు కోసం వెతికితే ఇంటర్నెట్‌లో ఒక ఫోరం దొరికింది. ఏ ఊరివాళ్లో, ఏ దేశం వాళ్లో కొందరు ఆ ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్ మీద విండోస్ పక్కన పెట్టి ఆండ్రాయిడ్ నడిపిస్తున్నారు. ఆండ్రాయిడ్ అనే పేరు అప్పటికి మా వీధిలో ఎవరూ వినలేదు. వాళ్లు రాత్రింబవళ్లు కూర్చొని తయారుచేసిన ఫైళ్లను ఊరికే ఇస్తున్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. కొబ్బరికాయ కొంటే పీచు కూడా లెక్కగట్టే వీధిలో పుట్టినవాణ్ణి. ఊరికే ఎవడు, ఎందుకిస్తాడు? కంటోన్మెంట్‌లోని నెట్ సెంటర్‌లో కూర్చొని, మెలిక ఎక్కడుందో చూద్దామని పేజీలన్నీ చదివాను. చివర చిన్న అక్షరాల్లో, మీ ఫోన్ పాడైతే మాకు సంబంధం లేదని రాసి ఉంది. అది చూశాక మనసు కుదుటపడింది. అచ్చం నా బోర్డే. మనలాంటివాళ్లే అనుకొని దించుకున్నాను. కింద ఇంకో మాట కూడా ఉంది. ఏ ఫోన్‌లో నడిచిందో, ఏది నడవలేదో వచ్చి రాయమని. దాన్ని మాత్రం చూడనట్టు వదిలేశాను.

ముందు నా పాత ఫోన్ మీద చేసి చూశాను. ఫైళ్లన్నీ మెమరీ కార్డులోనే ఉంటాయి. కార్డు పెట్టి ఆన్ చేస్తే విండోస్ ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా పరుగెడతాయి, తరువాత పది నిమిషాలు ఏమీ జరగదు. ఫోన్ పోయిందని మనం ఏడుపు మొదలుపెట్టే సమయానికి ఆండ్రాయిడ్ వస్తుంది. అందులో తెలుగు అక్షరాల ఫాంటు ఒకటి చేర్చాను. తెలుగు కనిపించింది. ఒత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడ్డాయి గానీ చదువుకోవచ్చు. కార్డు తీసేసి ఆన్ చేస్తే, పాత విండోస్ ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. ఫోన్ లోపల ఏదీ మారదు. ఉన్నదంతా కార్డులోనే.

అంటే ఆ కార్డు దొరికిన ఎవడైనా నిమిషాల్లో కాపీ తీసుకోవచ్చు. ఆ సంగతి వీధిలో తెలిస్తే నా విద్య రెండు రోజులు కూడా బతకదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. పైగా, కార్డులో ఫైళ్లు వేసే పనికి ఎవరు డబ్బిస్తారు? గిరాకీ వచ్చినప్పుడు నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక భూతద్దం తీసుకొని టార్పాలిన్ చుట్టల వెనక్కి వెళ్లేవాణ్ణి. స్క్రూ ఒక్కటి కూడా విప్పేవాణ్ణి కాదు. ఫైళ్లు ఎక్కేలోపు అక్కడ కూర్చొని టీ తాగి, చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చేవాణ్ణి.

ఒకరోజు పొద్దున కప్పగల్లు నుంచి ఒక రైతు వచ్చాడు. యాభై దాటిన మనిషి. పొలం కొంత అమ్మి టిప్పర్ కొన్నాడు, దానికొక డ్రైవర్ని పెట్టాడు.

"ఏమప్పా, ఈ ఫోన్‌లో అన్నీ పెట్టెలు వస్తాండాయి," అన్నాడు. "మా డ్రైవర్ది డబ్బా ఫోను. దాంట్లో తెలుగుండాది. వాడు తెలుగులో మెసేజ్ కొడతాడు. నా కాడికొచ్చేసరికి ఇట్లయితాది. వాడేం రాస్తాండాడో నాకు తెలీదు."

"ఫోన్ చేసి అడుగు అన్నా."

"అడిగినా. 'ఏం లేదప్పా, లారీల లైన్‌లో ఉండా అని రాసినా' అంటాడు. అంత మాటకి ఇన్ని పెట్టెలా? చూడు, ఎన్నుండాయో. నన్ను తిడతాండాడేమో, ఎవునికి తెలుసు?"

సిమ్ తీసి బటన్ల ఫోన్‌లో వేసుకో అన్నా, అని చెబితే సరిపోయేది. చెప్పలేదు. నేను అడిగిన రేటుకు ఆయన నవ్వాడు, ఆయన ఇస్తానన్నదానికి నేను నవ్వాను. ఆయన రెండుసార్లు మెట్లు దిగిపోయాడు, నేను రెండుసార్లు వెనక్కి పిలిచాను. చివరికి ఒక కవర్ ఊరికే ఇచ్చేట్టు కుదిరింది.

"నా కండ్ల ముందర చెయ్," అన్నాడు.

"దుమ్ము పడకూడని పని అన్నా," అన్నాను, వీధంతా ఎర్రదుమ్ము లేస్తుండగా.

ఆయన నా చేతిలోని స్క్రూడ్రైవర్లను ఒక్కొక్కటిగా చూశాడు. నేను ఆయన కార్డులో ఫైళ్లు ఎక్కించి, ఆన్ చేయగానే ఆండ్రాయిడ్ దానంతట అదే వచ్చేట్టు పెట్టి తెచ్చాను. అక్కడికక్కడే డ్రైవర్‌కు ఫోన్ చేసి ఏదో ఒకటి రాయమన్నాడు. మెసేజ్ వచ్చింది. ఒత్తుల దగ్గర తడుముకుంటూ పైకి చదివాడు.

"కూరెకుప్ప కాడ... లైన్‌లో ఉండా అప్పా... ఎప్పుడు కదుల్తాదో తెలీదు." తలెత్తి నన్ను చూశాడు. "ఇంతేనా?"

తిట్టు లేనందుకు ఆయన కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు. ఫోన్ తీసుకొని వెళ్లిపోయాడు. కార్డు ముట్టుకోవద్దని చెప్పాలని నా నోటి దాకా వచ్చింది. ఎందుకని అడుగుతాడు, చెబితే గుట్టు బయటపడుతుంది. మింగేశాను.

మూడో రోజు ఇద్దర్ని వెంటేసుకొని వచ్చాడు. నా పెట్టె వైపు కూడా చూడకుండా నేరుగా నాన్న ముందు నిలబడ్డాడు.

"శెట్టీ, నీ కొడుకు నా ఫోన్‌లో సామాను మార్చినాడు. ఈడ చూపించినప్పుడు తెలుగొచ్చె. ఇప్పుడు మళ్లా పెట్టెలే. నాలుగు స్క్రూడ్రైవర్లు తీసుకొని ఆ మూలకి పోయినాడు. వొరిజినల్ పీకి నకిలీ ఏసినాడు."

నాన్న మూర వేస్తున్న తాడును వదిలేశాడు. ఆ గొంతుకు పక్క అంగళ్ల వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లలో వీధి చివర మెమరీ కార్డుల్లో పాటలెక్కించే అంగడాయన కూడా ఉన్నాడు. నేను ఫోన్ తీసుకొని వెనక మూత తెరిచి చూశాను.

"అన్నా, కార్డేది?"

"కార్డు నాది గదా! తీసి పాటలేయించినా, లారీలోకి. నీ బోర్డులో నువ్వే రాసినావు గదా, కార్డు తీసుకోండని."

"ఎవరి దగ్గర వేయించినావు?"

పాటల ఆయన గుమ్మంలోంచే గర్వంగా పలికాడు. "నా కాడే. దాని నిండా ఏందో చెత్త ఫైళ్లుండె. అంతా కడిగి బరాబర్ పాటలేసినా."

నా విద్య కడిగేసినవాడు నా ఎదురుగా నిలబడ్డాడు. నిజం చెబితే సాయంత్రానికి అదే విద్య అతని అంగట్లో ఉంటుంది. చెప్పకపోతే నేను దొంగను. ఆ స్థితిలో కూడా నాకు బేరమే తోచింది.

"ఒక గంట వదిలిపెట్టి పో అన్నా. బాగుచేసి పెడతా."

"మళ్లా మూలకి పోయి ఇంకో సామాను పీకేదానికా? ఈడే చెయ్. అందరి ముందర."

నాన్న వచ్చి నా పెట్టె అద్దం మీద చెయ్యి పెట్టాడు. ఎత్తితే ఎంత బరువుంటుందో చూస్తున్నట్టు అనిపించింది.

సొరుగులోంచి నా సొంత కార్డు తీశాను. దాన్ని ఫోన్‌లో పెట్టి ఆన్ చేసి, అందరికీ కనపడేట్టు పెట్టె మీద పెట్టాను. తెల్లటి అక్షరాలు పరుగెత్తాయి. ఒకాయన, "పోలీసోళ్లు మాటలు వినేది ఇట్లే," అన్నాడు. ఇంకొకాయన రెండడుగులు వెనక్కి వేశాడు. తరువాత తెర నల్లగా ఆగిపోయింది. ఆ పది నిమిషాలూ ఎవరూ కదల్లేదు. పాటల ఆయన మాత్రం పెదాలు కదుపుతూ నేను చేసినవన్నీ మనసులో రాసుకుంటున్నాడు.

ఆండ్రాయిడ్ వచ్చింది. "ఇదంతా ఈ కార్డులోనే ఉంటాది అన్నా. నీ ఫోన్‌లో నేనేమీ ముట్టుకోలా. నువ్వు కార్డు తీసినావు, పాతది వచ్చింది," అన్నాను.

ఆయన నమ్మలేదు. స్వయంగా కార్డు తీసి ఆన్ చేశాడు. పెట్టెలు. మళ్లీ పెట్టాడు. ఈసారి తొందరగా వచ్చింది. ఇంకోసారి తీయబోతుండగా చేతిలోనే మెసేజ్ మోగింది. డ్రైవర్. ఆయన తెర కళ్ల దగ్గరికి తెచ్చుకొని, ముందేముందో చూసుకోకుండా, అక్షరం అక్షరం గట్టిగా చదవడం మొదలుపెట్టాడు.

"ఏమాయప్పా... సామాను... తిరిగిచ్చినాడా... ఆ... దొం...గ... నా..."

అక్కడ ఆగాడు. కానీ మాట అప్పటికే అంగడంతా వినిపించింది. ఒక్క క్షణం తరువాత గుమ్మంలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. నేను దొంగను కాననడానికి వచ్చిన రుజువే నన్ను దొంగ అని పిలిచింది.

"నేననలేదప్పా," అన్నాడు ఆయన కొంచెం నొచ్చుకొని. "వాడు రాసినాడు. ఈ మెసేజిలో తిట్టేది నిన్నే, నన్ను కాదు." ఆ సంగతి తేలినందుకు ఆయన మొహం వెలిగింది కూడా. నా కార్డుతోనే వెళ్లిపోయాడు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆయన వెనకే పాటల ఆయన పరుగులాంటి నడకతో వెళ్లాడు.

జనం పోయాక నాన్న అడిగాడు. "కార్డు పెట్టేదానికి స్క్రూడ్రైవర్లెందుకురా?"

నేను స్క్రూడ్రైవర్లు తీసి సొరుగులో వేశాను.

"ఆ ఫైళ్లు యాడ కొన్నావు?"

"కొనలేదు. ఇంటర్నెట్‌లో ఎవరో ఊరికే ఇచ్చినారు."

"ఊరికేనా? బదులుకి ఏమీ అడగలా?"

"ఏ ఫోన్‌లో నడిచిందో, ఏది నడవలేదో రాయమన్నారు."

"రాసినావా?"

"లేదు."

"వాళ్ల సరుకు తెచ్చి అమ్ముకుంటివి. వాళ్లడిగింది రెండు ముక్కలు. అదీ ఎగ్గొడితివి. ఆ డ్రైవరు రాసిందాంట్లో తప్పేముండాది?" తాడు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "పో, రాసిరా. రాసొచ్చినాకనే పెట్టె తెరువు. ఆ మూల్న కాదు, మెట్ల కాడ, నలుగురూ చూసే చోట."

కంటోన్మెంట్‌కు వెళ్లి నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. తెర బాగుంది, మెసేజ్‌లు వస్తాయి, తెలుగు ఒత్తులు దిగవు, బ్యాటరీ ఎంతుందో తప్పు చూపిస్తుంది. చివర, యజమాని కార్డు తీసేస్తే అంతా పోతుంది, మాకు అదే పెద్ద ఇబ్బంది అని చేర్చాను. నేను లేచేలోపే ఎక్కడివాడో ఒకడు జవాబు రాశాడు: నడుస్తున్న ఫోన్‌లోంచి యజమాని కార్డు ఎందుకు తీస్తాడు? దానికి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేశాను. గంట అయిపోయిందని నెట్ సెంటర్ ఆయన గోడ గడియారం చూపించాడు. ఇక్కడ అందరూ తీస్తారు అని మాత్రం రాసి వచ్చేశాను.

మధ్యాహ్నం పెట్టెను మెట్ల దగ్గరికి జరిపి తెరిచాను. కాసేపటికి అలాంటి ఫోనే పట్టుకొని ఒకాయన వచ్చి, స్టూలు నా మోకాళ్లకు తగిలేట్టు లాక్కొని కూర్చున్నాడు. ఈసారి ఏదీ దాచలేదు. ఫైళ్లు ఎక్కడివో, కార్డులో ఏముంటుందో, తీస్తే ఏమవుతుందో, వీధి చివరి అంగట్లో రేపో మాపో ఇంతకంటే తక్కువకే చేస్తారని కూడా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. ఫోన్‌ను మెల్లగా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఇంత వివరంగా చెప్తాండావంటే, ఇంకేదో పెద్దది దాస్తాండావప్పా నువ్వు," అన్నాడు.