ఒకటిన్నర పేజీ

ప్రయాణం కళ్లు తెరిపిస్తుందంటారు. రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే ప్యాసింజరు రైలెక్కి యూనివర్సిటీకి వెళ్లినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ప్రయాణంలో జనం ఎక్కువగా కళ్లు మూసుకుంటారు. మా బోగీలో మాత్రం ఆ సుఖం ఉండేది కాదు. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక నవల నడుస్తుండేది. రోజుకి ఒక అధ్యాయం చొప్పున ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వినేవాళ్లు.

చదివేది కోర్టు టైపిస్టు. అందరికీ బాబాయి. పగలంతా సాక్షుల వాంగ్మూలాలు చదివి వినిపించే ఉద్యోగం కావడంతో ప్రేమలేఖనీ హత్యనీ ఒకే గొంతుతో చదివేవాడు. ఒక్క పదం వదిలేవాడు కాదు, ఒక్క పదం చేర్చేవాడు కాదు. పుస్తకాలు తెచ్చేది నేను, యూనివర్సిటీ లైబ్రరీ నుంచి. నన్ను ప్రొఫెసరమ్మ అని పిలిచేవాళ్లు. అందులో గౌరవం పావు వంతు, వెక్కిరింత ముప్పావు.

ఆ పుస్తకాన్ని దాచేది సూపర్‌వైజరక్క. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఫినిషింగ్ సెక్షను ఆమెది. దారాలు కత్తిరించడం, గుండీలు సరిచూడటం, ఇస్త్రీ, మడత, పెట్టెలకెత్తడం అన్నీ ఆమె కింద ఇరవై నలుగురు ఆడవాళ్లు చేస్తారు. రైలు బయల్దేరే స్టేషన్లోనే ఎక్కుతుంది కాబట్టి మా అందరికీ సీట్లు పట్టేది. సాయంత్రం దిగేముందు నేను పుస్తకం ఆమె చేతికిస్తే, తెల్లారి రెండో స్టేషన్లో ఎక్కే బాబాయికి ఇచ్చేది. నేను ఎక్కేది మూడో స్టేషన్లో.

మా బోగీకి ఒక కట్టుబాటు ఉంది. చదివేవాళ్ల చేతిలోంచి పుస్తకం లాక్కోకూడదు. ఒకసారి ఓ నర్సు ఆత్రం పట్టలేక పుస్తకం లాక్కుని చివరి పేజీ చూసి, హంతకుడెవరో అందరికీ చెప్పేసింది. ఆ రోజు జరిగిన రభసలో అక్క పెట్టిన నియమం అది. తీర్పు ఆమెదే, అమలూ ఆమెదే.

ఇక నా నోటుబుక్కు. సమాజం, ప్రయాణం, పఠనం అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో ఈ మూడింటి గురించీ నాకు తెలియనిది లేదు. బోగీలో ఒక్కొక్కరి మీదా ఒక్కో వ్యాసం. మనుషుల్ని పొగిడే రాతలంటే నాకు ఒళ్లుమంట. అందుకని ఎవర్నీ పొగడకుండా, కనిపెట్టినవన్నీ రాసేదాన్ని. మా అమ్మ ఇంట్లో ఏ పుస్తకం కనబడినా పాత క్యాలెండరు కాగితాన్ని తిరగేసి అట్ట వేసేది. లైబ్రరీ నవలకీ వేసింది, నోటుబుక్కుకీ వేసింది. రెండూ ఒకే సైజు, ఒకే తెలుపు.

ఒక గురువారం రాత్రి భోజనాలయ్యాక సంచి తీస్తే అందులో నవల ఉంది, నోటుబుక్కు లేదు.

అక్క మీద నేను రాసింది ఒకటిన్నర పేజీ. సారాంశం ఒక్క ముక్కే. ఆమెకి చదవడం రాదు. నేను కూడబెట్టిన సాక్ష్యాలు ఇవి. పేపరు చేతికిస్తే అద్దాలు మర్చిపోయానంటుంది, నేను ఆమె అద్దాలు ఎన్నడూ చూడలేదు. ఫలానా శనివారం రైలు లేదని బోగీలో ఆమె సీటుకి ఎదురుగానే వారం రోజులు కాగితం అంటించి ఉంది. అయినా సోమవారం వచ్చి, శనివారం స్టేషన్లో గంటసేపు నిలబడ్డానని చెప్పింది. చొక్కాల సైజుల్ని చీటీ మీది దారం రంగుని బట్టి పోలుస్తుంది. సెక్షను లెక్కలు ఆమె చెబుతుంటే కింద పనిచేసే ఒకమ్మాయి రాసిపెడుతుంది.

ఇదంతా బోగీలో చదివితే నవ్వుకుని ఊరుకుంటారనుకోవచ్చు. కానీ నాలుగో స్టేషన్లో టైమ్‌కీపర్ ఎక్కుతాడు. అదే ఫ్యాక్టరీ. ఎవరు ఎన్నింటికి వచ్చారో రాసే ఉద్యోగం చేస్తూ యాజమాన్యం మొత్తం తనే అన్నట్టు మాట్లాడేవాడు. వచ్చే సోమవారం నుంచి సూపర్‌వైజర్లందరూ రోజువారీ రిపోర్టు సొంత చేత్తో రాయాలని, రాయలేనివాళ్లని తిరిగి కత్తెర పట్టుకుని బల్ల దగ్గర కూర్చోబెడతారని ఆ వారమే మాకు గొప్పగా చెప్పాడు. అప్పుడు అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. పద్నాలుగేళ్లు కత్తెర పట్టుకుంటే గానీ ఆ కుర్చీ రాలేదామెకి.

నేను ఎక్కాక టైమ్‌కీపర్ ఎక్కేదాకా పదకొండు నిమిషాలు. ఆ లోపల నోటుబుక్కు నా చేతికి రావాలి. రాత్రంతా ఆ పదకొండు నిమిషాలనే లెక్కపెట్టుకున్నాను.

శుక్రవారం రైలు ఆగీ ఆగకముందే ఎక్కాను. బోగీలో నవ్వులు. బాబాయి నా నోటుబుక్కు చదువుతున్నాడు. తన మీద నేను రాసిందే చదువుతున్నాడు.

"ఈయన ఏది చదివినా శవ పంచనామాలా ఉంటుంది" అని పంచనామా గొంతుతోనే చదివి, ఆగి, నన్ను చూశాడు. "రావమ్మా ప్రొఫెసరమ్మా. నవల కంటే ఇది బాగుంది. దీర్ఘాలన్నీ అలా గాలికెగిరిపోతున్నాయేమిటి, పట్టుకుని చదవలేక చస్తున్నాను."

నిజమే, నా దీర్ఘాలు జెండాల్లా పైకి లేచి ఉంటాయి. పొరపాటున ఇచ్చానని, అది నా సొంత పుస్తకమని, ఇచ్చేయమని అడిగాను. చెయ్యి కూడా చాచాను. నా మణికట్టు మీద ఠపీమని ఒక దెబ్బ పడింది. కొట్టింది అక్క.

"చదివేవాళ్ల చేతిలోంచి లాక్కోకూడదు. చదువుకున్నదానివి, నీకు వేరే చెప్పాలా?"

అందరూ నవ్వారు. ఇంకా గట్టిగా అడిగితే అందులో ఏదో ఉందని తెలిసిపోతుంది. అక్క చెవిలో చెప్పొచ్చు. చెబితే రాసింది నేనేనని ఒప్పుకోవాలి. సమాజాన్ని నిర్భయంగా విమర్శించే నేను పక్కనున్న మనిషికి ఒక మాట చెప్పలేక కూర్చున్నాను. బాబాయి చదువుతూనే ఉన్నాడు. నర్సు గురించి వచ్చింది, బోగీ పగలబడి నవ్వింది, నర్సు నన్ను కొరకొరా చూసింది. ఎప్పుడూ లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర నత్తనడక నడిచే రైలు ఆ రోజు ఆగకుండా పరిగెత్తింది. పదకొండు నిమిషాలు తొమ్మిదిలోనే అయిపోయాయి.

టైమ్‌కీపర్ ఎక్కి, తువ్వాలుతో సీటు దులుపుకుని కూర్చుని, ఇవాళ ఏం నడుస్తోందని అడిగాడు.

"మీరే" అన్నాడు బాబాయి. నిజంగానే అతని వంతే వచ్చింది. ఇతరుల టైము రాసీ రాసీ టైమంతా తన సొంతమనుకునే మనిషని రాశాను. టైమ్‌కీపర్ నవ్వలేదు. "ఇంకా ఎవరెవరి మీద రాసిందో చదవండి, విందాం" అన్నాడు. కాళ్లు బారజాపుకుని, చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాడు.

బాబాయి పేజీ తిప్పాడు. "సూపర్‌వైజరక్క" అని శీర్షిక చదివాడు. అక్క కొంగు సర్దుకుంది, ఫొటోకి కూర్చున్నట్టు. పెళ్లికూతురు గారి వంతొచ్చిందని ఎవరో అన్నారు.

ఆ రోజు నా నోటికి ఎలా తట్టిందో తెలియదు. "బాబాయ్, అక్కడ రాత్రి దీపం సరిగా లేక గిలికేశాను, మీకు అర్థం కాదు. నేను చదువుతానివ్వండి" అన్నాను. లాక్కోకూడదన్నదే నియమం, ఇస్తే పుచ్చుకోవచ్చు. బాబాయి పేజీ మీదికి ఒకసారి చూశాడు. ఒక వరసో, రెండు వరసలో. తర్వాత అద్దాలు తుడుచుకుంటూ, నా కళ్లూ నొప్పెడుతున్నాయిలే అని నోటుబుక్కు ఇచ్చేశాడు.

నేను చదివాను. పేజీలో లేనిది చదివాను. అక్క కష్టజీవి అని, ఇరవై నలుగురికీ తల్లిలాంటిదని, ఆమె చిరునవ్వే ఆ సెక్షనుకి వెలుగని. ఏ సన్మానపత్రం వింటే నాకు వాంతి వస్తుందో అదే అప్పటికప్పుడు అల్లి నాలుగు వాక్యాల్లో ముగించాను. టైమ్‌కీపర్ ఆవలించాడు. నా ఒక్కదాని మీదేనా నీ ప్రతాపమంతా అని నర్సు సణిగింది. నేను నోటుబుక్కు సంచిలో కుక్కేసి, నవల తీసి బాబాయికిచ్చాను. గండం గడిచిందనుకున్నాను.

టౌన్లో దిగాక జనం పల్చబడే వరకూ అక్క నా మోచెయ్యి వదల్లేదు. ప్లాట్‌ఫారం చివర నీళ్ల కుళాయి దగ్గరికి లాక్కెళ్లింది.

"తియ్యి."

తీశాను.

"నా పేజీ."

ఆ పేజీ తెరిచాను. ఆమె వేలుతో మొదటి వరస నుంచి కింది దాకా గీసి, ఆకు తిప్పి, రెండోవైపు సగం దాకా గీసింది. "నువ్వు చదివింది ఇంత లేదు. బాబాయి ఒక పేజీ చదవాలంటే మధ్యలో రెండుసార్లు ఊపిరి పీల్చుకుంటాడు. నువ్వు ఒక్క గుక్కలో ఒకటిన్నర పేజీ లాగించావు. అసలుది చదువు."

ఫ్యాక్టరీ సైరన్‌కి ఇరవై నిమిషాలుంది. గేటు దాకా పావుగంట నడక. చదివాను, ఈసారి ఉన్నది ఉన్నట్టు. చదవడం రాదన్న వాక్యాన్ని నోట్లోనే గొణిగేసి దాటబోయాను. "వినబడట్లేదు" అంది అక్క. మళ్లీ చదివాను. అందరినీ మోసం చేస్తూ నెగ్గుకొస్తోంది అన్న చివరి వాక్యం కూడా.

ఆమె కుళాయి విప్పి మొహం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది.

"శనివారం సంగతి తప్పు రాశావు. రైలు లేదని నాకు ముందే తెలుసు, గార్డు చెప్పాడు. ఆ రోజు మా ఆయనకి సెలవు. రైలు రాని స్టేషనంత ప్రశాంతంగా మా ఇల్లుండదు. అందుకని వచ్చి కూర్చున్నాను. ఆ మాట చెబితే మీరంతా నవ్వుతారని నిలబడ్డానన్నాను."

నా దగ్గరున్న సాక్ష్యాలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

"మోసమన్నావు. నాకు చదువొచ్చని ఎవరికైనా చెప్పానా? ఎవరూ అడగలేదు. పెట్టెలు సరిగా వెళ్తున్నాయా లేదా అని అడిగారు. వెళ్తున్నాయి."

నేను అప్పుడు అనకూడని మాటే అన్నాను. రోజూ రైల్లో అరగంట నేర్పిస్తానక్కా అన్నాను.

"ఎవరి ముందు, టైమ్‌కీపర్ ముందా? పలక కూడా నువ్వే తెస్తావా?" అంది. "సోమవారానికి మూడు రోజులే ఉన్నాయి. నువ్వు నాకు అక్షరాలు దిద్దిస్తూ ఉంటే నేను అరవై ఏళ్లకి రిపోర్టు రాస్తాను. పెన్ను తియ్యి. ఆ కాగితంలో ఏడు గడులు. ఆరింట్లో అంకెలే, అంకెలు నాకొచ్చు. ఏడోదాంట్లో వివరణ రాయాలట. రోజూ ఉండేవి మూడే మాటలు. అన్నీ సరిగా ఉన్నాయి. గుండీలు తక్కువ పడ్డాయి. మళ్లీ ఇస్త్రీకి పంపాను. రాయి, పెద్దగా. ఇక్కడ, ఖాళీగా ఉన్నచోట."

రాశాను. ఏ వరస ఏదో రెండుసార్లు చెప్పించుకుంది. మెషీను మీద చొక్కా నమూనా చూసినట్టు చూసింది, ఎక్కడ వంపు, ఎక్కడ మలుపు. తర్వాత ఆకు మొత్తం చింపి, మడిచి జాకెట్లో పెట్టుకుంది. పైభాగం మీకెందుకక్కా, చింపి పారేయండి అన్నాను.

"నా గురించి రాసింది నా దగ్గరుండాలి. నీ సంచిలో కాదు" అని గేటు వైపు దాదాపు పరుగెత్తింది.

శని, ఆది, సోమ గడిచాయి. మంగళవారం పొద్దున టైమ్‌కీపర్ ఒక ఫైలు చంకలో పెట్టుకుని ఎక్కాడు. బాబాయి నవల తెరవబోతుంటే ఆపాడు. రిపోర్టులు అందరూ ఇచ్చారట. ఒక్కదాని మీదే తనకి అనుమానమట.

అక్క రిపోర్టు తీసి బాబాయి ఒళ్లో పెట్టాడు. "కోర్టులో రోజూ దస్తూరీలు చూసేవాళ్లు మీరు. ఇది ఎవరో చదువుకున్న పిల్ల రాతలా లేదూ? ఈవిడ కింద పనిచేసేవాళ్లలో ఒకత్తి పదో తరగతి దాకా చదివిందిలెండి."

నాకు నేను కూర్చున్నచోటి నుంచే కనిపించింది. గుండీలు తక్కువ పడ్డాయి. దీర్ఘాలన్నీ జెండాల్లా ఎగురుతున్నాయి. నా దీర్ఘాలే. శుక్రవారం వాటిని పట్టుకుని చదవలేక చచ్చానన్న మనిషి ఇప్పుడు వాటినే చూస్తున్నాడు. అద్దాలు పైకి తోసుకున్నాడు. నా మొహంలోకి చూడలేదు. అది ఇంకా భయం.

"అనుమానమెందుకు?" అంది అక్క. గొంతులో తేడా లేదు. "కాగితం ఇవ్వండి, ఇక్కడే రాస్తాను."

టైమ్‌కీపర్ జేబులోంచి పెన్ను తీశాడు. ఫైలు మీద తెల్లకాగితం పెట్టాడు. ఏం రాయించాలా అని పైకి చూస్తూ నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏ మాట వచ్చినా, ఆ మూడు కాకుండా ఇంకే మాట వచ్చినా, కత్తెర బల్లే.

"రిపోర్టులో ఉన్నదే రాయమ్మా" అన్నాడు బాబాయి, ఎప్పటి పంచనామా గొంతుతోనే. "దస్తూరీ పోల్చాలంటే అదే వాక్యం రాయించాలి. వేరేది రాయిస్తే చెల్లదు. పద్ధతి అది."

అలాంటి పద్ధతి ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉద్యోగంలో ఒక్క పదం చేర్చని మనిషి చెప్పేసరికి టైమ్‌కీపర్ కూడా తలూపాడు.

రైలు ఊగుతోంది. అక్క పెన్ను కత్తెర పట్టుకున్నట్టు పట్టుకుంది. ఒక్కో అక్షరం మీద ఆగి, గీసి, మళ్లీ ఆగింది. మొత్తం బోగీ ఊపిరి బిగబట్టింది, హంతకుడు బయటపడే అధ్యాయంలోలాగా. వరస కొంచెం వంకరపోయింది. దీర్ఘాలు మాత్రం ఎక్కడివక్కడ లేచాయి.

టైమ్‌కీపర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

అక్క పెన్నుకి మూత పెట్టి అతని చేతికిచ్చింది. "ఏమండీ, చదవడానికొస్తోందా?" అంది.

బాబాయి నవల తెరిచి, ఆపిన చోటు నుంచి చదవడం మొదలుపెట్టాడు.