ప్లాస్టిక్‌కి నెత్తురు అంటకుండా చూడాలనుకున్న మా ధనం

నిన్న పొద్దున్న రాజాంలో మా షాపు షట్టర్ ఎత్తుతుంటే ధనలక్ష్మి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోనాదక్కా."

ఏ అక్క అని అడిగాను. అర్థం కాక కాదు. వాడు ఇంకో పేరు చెబుతాడేమోనని.

మా ధనం. ఎమ్మెస్సీలో నా బెంచ్‌మేట్. కిడ్నీ జబ్బుల ఉద్దానం వైపు, సముద్రం మీద చేపల వేటకెళ్లే ఇంటి పిల్ల. రీసెర్చ్‌లో చేరిన కొన్నాళ్లకే కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ చేయించుకుంటూనే ల్యాబ్‌కి వెళ్లేది.

తన టాపిక్ కూడా అదే.

డయాలసిస్ ఫిల్టర్ నిండా సన్నటి ప్లాస్టిక్ గొట్టాలుంటాయి. రక్తం తగలగానే అందులోని ప్రోటీన్లు ఆ గోడలకి అతుక్కుంటాయి. వాటి మీద మిగతావి పేరుకుని గడ్డ కడుతుంది. వాళ్లమ్మకి చెప్పడానికి ఒకసారి చేపల పులుసు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా చూపించింది.

"ఎంత తోమినా జిడ్డు వదల్దు కదమ్మా, అలాగే. కాకపోతే ఇది అతుక్కున్నాక రూపు మార్సుకుంటాది. ఇంక ఊడదు."

నీటిని పట్టి ఉంచే పూత వేస్తే ప్రోటీన్ అంత సులువుగా అంటుకోదు. ఆ పూత మీదే తన పని.

పోయిన ఏడాది డయాలసిస్ సెంటర్‌లో తనకి కడిగి మళ్లీ వాడుతున్న ఫిల్టర్ తెచ్చి పెట్టారు. గొట్టాలు సగం ఎర్రగా మూసుకుపోయి ఉన్నాయి. మార్చమంటే, నువ్విక్కడ పేషెంటువి, సైంటిస్టువి కాదు అన్నాడు అక్కడి డాక్టర్. నేను పక్కనే ఉన్నాను. ధనం గొంతు పెంచలేదు.

"సైంటిస్టునో కాదో తర్వాత సూద్దాం. నా నెత్తురు దాన్లోకి ఎల్దు. ముందు మార్సండి."

మార్చారు. పక్క బెడ్ మీది ముసలాయన తన ఫిల్టర్ కూడా చూపించమన్నాడు. తర్వాత ఆ వరసలో వాళ్లంతా అడిగారు.

ఈ వారం అక్కడ తనకి పెట్టే మెషిన్ పాడైంది. రేపు రండి అన్నారు. మర్నాడూ అదే మాట. ఒళ్లు ఉబ్బి, ఊపిరాడక, విశాఖ తీసుకెళ్తుంటే భోగాపురం దాటకముందే వ్యాన్‌లోనే పోయింది.

భోగాపురానికి ఎయిర్‌పోర్ట్ వస్తుందట. రానివ్వండి.

పనిచేసే మెషిన్ మా వాళ్లకి ఎప్పుడొస్తుంది?

నిన్నటి నుంచి మా ఎమ్మెస్సీ వాట్సాప్ గ్రూప్‌లో అంతా దేవుడి ఇష్టం అని పెడుతున్నారు. దయచేసి ఆపండి. మెషిన్ బాగు చేయించకుండా కూర్చున్నది దేవుడు కాదు, జీతాలు తీసుకునే మనుషులు.

నిన్న సాయంత్రం వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"మా పిల్ల మొదలెట్టిన పని ఎవులైనా పూర్తి సేస్తారా?"

సోమవారం ఆ సెంటర్‌కి వెళ్తున్నాను. మెషిన్ సంగతి తేల్చేదాకా కదలను. రాగలిగినవాళ్లు రండి.

ధనం, ఇంక నీ చేతికి సూదులు గుచ్చరు. హాయిగా పడుకోవే.

శాంతి నీకు దొరకాలి. మాకు ఇప్పుడే వద్దు.