'మద్యం మత్తులో' అన్న మాట

బర్మాలో మేముండే పబేడాన్ పేటలో, మా వీధికి దగ్గర్లోని ఒక హాల్లో మధ్యాహ్నం పాత జపాన్ సినిమా వేస్తుంటే చిన్నమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. నలుపు తెలుపు బొమ్మ. ఒక హత్య జరుగుతుంది. పోలీసులు ఎవడినో పట్టుకుని కేసు తేలిపోయిందంటారు. పత్రిక విలేకరులు నమ్మరు. చెమటకు చొక్కాలు వీపుకంటుకుపోయినా ఇల్లిల్లూ తిరుగుతారు, ఒక్క వాక్యం కోసం ఆఫీసులో కొట్టుకున్నంత పని చేస్తారు. కింద పడుతున్న బర్మా అక్షరాలు చదివి చిన్నమ్మ చెవిలో తెలుగులో చెబుతున్నాను.

సగంలో ఆవిడ అడిగింది. "మీ సిన్నాన్న పోయినప్పుడు మీ పేపరోళ్లు ఇలాగ ఎవరినైనా అడిగినారేటి?"

నేను తెర మీది తర్వాతి వాక్యం చదివి చెప్పాను.

చిన్నాన్న నది అవతలి ట్వంటే ఊరి నుంచి నగరంలోని చిమిండైంగ్ బజారుకు పడవలో కుండలు తెచ్చేవాడు. ఒకరోజు ట్వంటే కాలువలో శవమై తేలాడు. తల వెనక పెద్ద దెబ్బ. అప్పుడు నేనొక వారపత్రికలో వార్తలు పేజీల్లో అమర్చి పెట్టేదాన్ని. పోలీసుల కాగితం చూసి మా సబ్ ఎడిటరు నాలుగు వరుసలు రాశాడు. మద్యం మత్తులో కాలువలో పడి మృతి, అని. చిన్నాన్న జన్మలో చుక్క ముట్టలేదు. ఆ సంగతే చెప్పాను.

"వాళ్లిచ్చిందే మనం వేస్తాం. పేజీ ప్రెస్సుకు పంపు" అన్నాడు.

పంపాను. బర్మా చదవడం రాని చిన్నమ్మకు ఆ వార్త సంగతే చెప్పలేదు.

సినిమా చూసిన మర్నాడు ఆ సబ్ ఎడిటరును వెతుక్కుంటూ అతను రోజూ కూర్చునే టీ కొట్టుకు వెళ్లాను. పత్రిక ఎప్పుడో మూతబడింది. నేను సినిమా సంగతి ఎత్తగానే అతని ముఖం వెలిగింది.

"గొప్ప సినిమా. కొత్తగా చేరిన విలేకరులందరినీ చూడమనేవాణ్ణి."

నా ఒళ్లు మండిపోయింది. "మరి ట్వంటేకి ఒక్కరినైనా పంపారా?"

"కుండలు మోసేవాడి చావు ఎవరు చదువుతారు?" అని టీ తాగాడు. సిగ్గుపడనైనా లేదు.

ఆ వారమే చిన్నమ్మా నేనూ నది దాటి ట్వంటే బస్సెక్కాం. రేవు పక్కన కుండలు ఆరబెట్టే ఒక ముసలామె, మేం చిన్నాన్న పేరు చెప్పగానే గుర్తుపట్టింది. పడవ కట్టే చోటు కోసం ఇద్దరు అతనితో గొడవపడ్డారట. అందులో ఒకడు గడకర్రతో తల వెనక కొడితే చిన్నాన్న కాలువలో పడిపోయాడట. వాళ్లు మరో రెండు వారాలకు ఊరొదిలి పోయారట.

"మీరు ఎవరికీ చెప్పలేదా?" అన్నాను బర్మాలో.

"నన్నెవరూ అడగలేదు."

రేవు నుంచి ఆమె ఇల్లు ఇరవై అడుగులుండదు. ఇరవై అడుగులు.

ఆమె చెప్పిందంతా కాగితం మీద రాసి చదివి వినిపించాను. వేలిముద్ర వేసింది. ఠాణాలో ఆ కాగితం తీసుకోలేదు. పాత కేసులు తవ్వొద్దని తిప్పి పంపారు.

తిరుగు బస్సులో ఇక దాచలేక చెప్పేశాను, ఆ నాలుగు వరుసలూ పేజీలో పెట్టింది నేనేనని, అది అబద్ధమని తెలిసే పెట్టానని.

చిన్నమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ అంది. "అప్పుడే నాకు సెప్పుంటే, అప్పుడే వచ్చుందుము కదే. ఆ ఎదవలు ఊర్లోనే ఉందురు."

బస్సు దిగేదాకా ఆ సబ్ ఎడిటరును తిట్టుకుందామని చూశాను. తిట్లన్నీ నాకే తగిలాయి.