మత్తయిగారి వాల్వు

తాటిపాక గ్యాసు ప్లాంటులో ముప్ఫై నాలుగేళ్ళు వాల్వులు బిగించి రిటైరైన మత్తయిగారు, మిగిలిన జీవితాన్ని ఇంకో రకం వాల్వుకి అంకితం చేశారు. ఇది గాజుది, వేలెడంత ఉంటుంది. పాట వచ్చే పెట్టెకీ, పాటను పెద్దది చేసే పెట్టెకీ మధ్య ప్రీయాంప్లిఫయరని మూడో పెట్టె ఒకటి ఉండాలట. అందులో ఈ వాల్వులు వెలుగుతుంటే శబ్దం వెచ్చబడుతుందట. మే నెలలో కోనసీమలో కూర్చుని వెచ్చదనాన్ని పార్శిల్లో తెప్పించుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు. గోడకి ఇవతల కాపురం కాబట్టి ఈయన్ని చూడక తప్పలేదు.

లోకమంతా దాన్ని ట్యూబంటుంది. ఈయన అనరు. “ట్యూబంటే సైకిల్‌కుండేదండీ. దీన్ని వాల్వనాలి,” అని పాలు పోసేవాడిక్కూడా దిద్దేవారు.

ఇదంతా ఒక్క కేసెట్టు కోసం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన టేప్‌రికార్డరు కొని, వాళ్ళమ్మ ఎలీసమ్మగారు కొబ్బరి ఈనెలు చీరుతూ పాడుకున్న కీర్తన అందులో పట్టారు. ఆవిడ పోయి పదకొండేళ్ళు. పాత టేపు వేసిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది కనుక, వేస్తే సరైన మిషను మీదే వేయాలని ఆయన పంతం. ఆ సరైనది ఏదో తేలడానికి మూడేళ్ళు పట్టింది. వేరే కేసెట్లతో పరీక్షించి, మొదటిదాంట్లో గొంతు సన్నగా ఉందని వెనక్కి పంపారు. రెండోదాంట్లో లావుగా ఉందని పంపారు. రష్యా వాల్వు మంచిదా, స్లొవేకియా వాల్వు మంచిదా అని ఫోన్లో చదువుకుంటూ మూడేళ్ళ ఆదివారం ప్రసంగాలు ఎగ్గొట్టారు, అదీ చర్చిలో ముందు బెంచీ మీద కూర్చునే.

“సముద్రగాలికి ఆ టేపు బూజెక్కిపోద్దండీ. ఓసారి వేసెయ్యండి,” అని భార్య సువార్తమ్మగారు మొత్తుకునేవారు.

“అమ్మ గొంతుని డబ్బాలో వినమంటావా?” అనేవారు ఈయన. ఈ రకం మాతృభక్తి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

మూడో మిషను మొన్న శనివారం పొద్దున దిగింది. ఈసారి పరీక్షలు మానేసి, పది గంటలకి నేరుగా అమ్మగారి కేసెట్టే పెట్టారు. కాసేపటికి కోయంబత్తూరులో ఉన్న అమ్మకందారుకి ఫోను చేశారు. పెరట్లో కొబ్బరి మట్టల పొయ్యి మీద చేపల పులుసు మరగబెడుతున్న అవతలి పక్కింటి వీరాయమ్మగారికి, గోడ మీదుగా ఈ మాటలు వినబడ్డాయి.

“వాల్వు బుస్సుమంటోందండీ! ఆయ్, బాగా గట్టిగా. లోపల నీలంగా వెలుగుతోంది. గ్యాసేనంటారా?”

అమ్మకందారు భాషలో వాల్వులో గ్యాసంటే గాజులోకి కాస్త గాలి చొరబడిందని. పైపులైను పక్కన పుట్టి పెరిగిన మాకు దాని అర్థం వేరు. పైగా అన్నది ప్లాంటులో వాల్వుల పెద్ద. వీరాయమ్మగారు పులుసు మొత్తం పొయ్యిలో కుమ్మరించి వీధిలోకి పరిగెత్తారు. పది నిమిషాల్లో వీధి పొయ్యిలన్నీ ఆరిపోయాయి. లైన్‌మేన్ లోవరాజు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తీసేశాడు. జనం ఇళ్ళు వదిలేసి బయటపడ్డారు.

మొహం వేలాడేసుకుని గుమ్మంలోకొచ్చిన మత్తయిగారు, “ఏంటండీ గొడవ?” అన్నారు.

“ఎక్కడో వాల్వు పోయిందంటండీ!” అని గుంపులోంచి ఎవరో అరిచారు.

అంతే, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు లేచి నిలబడింది. తువ్వాలు పైకెత్తి గాలివాటం చూశారు. “అటు కాదండీ, చర్చి వైపు నడవండి! అగ్గిపుల్ల గీసినోణ్ణి ఊరుకోను!” అంటూ మమ్మల్నందర్నీ తోలుకెళ్ళారు.

చర్చి ఆవరణలో అందరం కూలబడ్డాక, “ఇంతకీ ముందు ఎవరు చూసేరండీ?” అని విచారణ మొదలుపెట్టారు.

“మీరే కదండీ ఫోన్లో చెప్పేరు!” అన్నారు వీరాయమ్మగారు. “బుస్సుమంటందన్నారు, నీలంగా వెలుగుతోందన్నారు. నా పులుసంతా పొయ్యిపాలు చేసుకున్నాను!”

వీధి వీధంతా ఆయన్ని తిట్టింది. అందరికంటే ఎక్కువ నేను తిట్టాను. ఆయన వెళ్ళి భార్య పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

“వాల్వులో తప్పేం లేదంట, సువార్తా. ఆ నీలం వెలుగు మామూలేనంట. కేసెట్టు తీసి చూడమన్నాడు ఆ అమ్మినోడు, చూసేను. టేపంతా తెల్లగా బూజు. ఇంకో కేసెట్టు వేస్తే సుబ్బరంగా పాడింది. అమ్మదే పోయింది. బుస్సు తప్ప ఇంకేం లేదందులో.”

ఆయన తువ్వాలు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. నాకు తిట్టినందుకు సిగ్గేసింది, జాలేసింది.

సువార్తమ్మగారు తన ఫోను తీశారు. “మీరు మొదటి మిషను వెనక్కి పంపిన వారమే, మా తమ్ముడి కూతురు రేచల్ చేత ఆ పాట ఇందులోకెక్కించేనండి. రాజోల్లో ఓ పాత టేప్‌రికార్డర్ మీద వేయించి. రోజూ వంట చేసుకుంటా వింటన్నాను.”

“నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే వినేవారాండీ?”

ఆవిడ ఫోను నొక్కారు. ఈనెలు చీరుతున్న చప్పుడు, దాని వెనక కొంచెం జీరగా ఒక ఆడగొంతు కీర్తన అందుకుంది. వీధి జనం దగ్గరికి జరిగారు. రెండో చరణం సగంలో ఉండగా ఎలీసమ్మగారు పాట ఆపి గట్టిగా కేకేశారు.

“ఒరే మత్తయ్యా! ఎంతసేపూ ఆ మిషను మొహమే చూత్తావేంట్రా? కట్టేసి కూటికి రా, చల్లారిపోతంది!”

“వత్తన్నానమ్మా,” అన్నారు మత్తయిగారు, అందరి ముందూ.